జర్మనీలో మానసిక ఆఘాత చికిత్స: వీఆర్, బయోఫీడ్‌బ్యాక్

యుద్ధం, ప్రమాదం, అత్యాచారం, చిత్రహింస వంటివి అనుభవించినవారిలో కొందరికి ఆ సంఘటన ముగిసినా శరీరం మాత్రం ముగిసిందని ఒప్పుకోదు. నెలలు గడిచినా అదే దృశ్యం కళ్లముందు తిరుగుతుంది. నిద్రలో ఉలిక్కిపడి లేస్తారు. చిన్న చప్పుడుకే గుండె దడదడలాడుతుంది. ఆ చోటు, ఆ వాసన, ఆ మాట ఎదురుపడకుండా తప్పుకు తిరుగుతారు. దీన్ని వైద్యులు ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అని, పొట్టిగా పీటీఎస్‌డీ అని అంటారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ఈ పేరును తన రోగాల పట్టికలో చేర్చింది. మాటలతో చేసే చికిత్సకు తోడుగా ఇటీవలి దశాబ్దాల్లో రెండు సాధనాలు వచ్చి చేరాయి. ఒకటి వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు కట్టుకునే తెరలతో మనిషిని మరోచోట ఉన్నట్టు నమ్మించే వీఆర్. రెండోది బయోఫీడ్‌బ్యాక్, అంటే గుండె, ఊపిరి, చెమట, కండరాల బిగువు వంటివాటిని కొలిచి, ఆ కొలతను అప్పటికప్పుడు ఆ మనిషికే చూపించడం.

మన ఊళ్లలో భయం ఒంట్లో దిగిపోవడాన్ని దడుపు అంటారు. పిల్లవాడు దడుచుకుంటే దడుపు జ్వరమని తాయెత్తు కట్టిస్తారు. ఆ వైద్యం సంగతి ఎలా ఉన్నా ఆ మాటలో ఒక మంచి గ్రహింపు ఉంది: భయం మనసుకే కాదు, ఒంటికీ పడుతుంది. జర్మన్ వైద్యులు, బీమా అధికారులు ఈ సంగతి మీద నూరేళ్లకు పైగా తగవులాడుకున్నారు.

గాయం ఎక్కడుందో చూపించు

జర్మనీలో ఈ కథ రైళ్లతో, కార్ఖానాలతో మొదలవుతుంది. బిస్మార్క్ ప్రభుత్వం 1884లో కార్మికుల ప్రమాద బీమా చట్టం తెచ్చింది. దానితో ఒక చిక్కు వచ్చిపడింది. రైలు ప్రమాదంలోంచి ఎముక విరగకుండా బయటపడ్డ మనిషి, వారం తిరిగేసరికి వణుకుతూ, నిద్రపట్టక, పనికి పోలేక కూర్చుంటే పరిహారం ఇవ్వాలా, వద్దా? బెర్లిన్ నాడీ వైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ 1889లో ఇలాంటి రోగుల మీద పుస్తకం రాసి, ఆ జబ్బుకు ‘ఆఘాత నాడీరోగం’ అని పేరు పెట్టాడు. ఆ కుదుపు నాడీమండలంలో కంటికి కనిపించని మార్పు తెస్తుందని ఆయన వాదన. బీమా కార్యాలయం కొంతకాలం ఆ వాదన విన్నది కూడా.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక లెక్క మారింది. కందకాల్లోంచి వేలమంది సైనికులు కాళ్లూచేతులూ వణికిపోతూ, మాట పడిపోయి తిరిగొచ్చారు. జనం వాళ్లను ‘క్రీగ్స్‌సిట్టరర్’ అన్నారు, అంటే యుద్ధపు వణుకుగాళ్లు. అందరికీ పింఛను ఇవ్వాల్సి వస్తే ఖజానా ఏమవుతుందన్న బెంగ పట్టుకుంది. 1916లో మ్యూనిక్‌లో జరిగిన వైద్యుల యుద్ధకాల సమావేశంలో ఓపెన్‌హైమ్ వాదం ఓడిపోయింది. ఇది గాయం కాదు, యుద్ధం నుంచి తప్పించుకోవాలనో పింఛను సంపాదించాలనో పుట్టిన కోరిక అన్నవారిదే పైచేయి అయింది. ఫ్రిట్స్ కౌఫ్‌మన్ అనే వైద్యుడు విద్యుత్ షాకులతో, గద్దింపులతో సైనికులను ‘నయం’ చేశాడు. హాంబర్గ్‌లో మాక్స్ నోనె హిప్నాసిస్ చేసి, ముందు వణుకుతున్నవాణ్ని, తర్వాత తిన్నగా నడుస్తున్నవాణ్ని సినిమా కెమెరాతో తీసి చూపించాడు. రోగి శరీరాన్ని తెర మీదకు ఎక్కించడం జర్మనీలో అప్పుడే మొదలైందనాలి. కాకపోతే ఆ తెర ఎదుట కూర్చున్నది రోగి కాదు, వైద్యులు. 1926లో సామ్రాజ్య బీమా కార్యాలయం ఈ జబ్బుకు పరిహారం ఇవ్వనక్కర్లేదని తేల్చేసింది.

ఆ ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా చావలేదు. 1956 నాటి పరిహార చట్టం కింద నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లు పశ్చిమ జర్మనీ ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్ల బాధకు శిబిరం కారణమని నిపుణుడైన వైద్యుడు ధ్రువీకరించాలి. పుట్టుకతో వచ్చిన బలహీనతే కారణమని కొట్టేసిన దరఖాస్తులు ఎన్నో. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మనోవిశ్లేషకుడు కర్ట్ ఐస్లర్ ఒళ్లుమండి 1963లో ఒక జర్మన్ పత్రికలో వ్యాసం రాశాడు. కన్నపిల్లల్లో ఎంతమంది హత్యను జబ్బు పడకుండా భరిస్తే మనిషిని మీరు ఆరోగ్యవంతుడంటారు అన్న ప్రశ్నే ఆ వ్యాసం పేరు. ఇంత కోపం శీర్షికలోనే కక్కిన వైద్య వ్యాసం మరొకటి దొరకడం కష్టం.

కొలిచే విద్య

గాయాన్ని చూపించమని అడిగిన దేశంలోనే శరీరం లోపలి సంగతిని బయటికి చూపించే పరికరాలూ పుట్టాయి. మార్‌బుర్గ్‌లో పనిచేసిన కార్ల్ లూడ్విగ్ 1840లలో కైమోగ్రాఫ్ అనే యంత్రం తయారుచేశాడు. మసి పట్టించిన కాగితం చుట్టిన డోలు నెమ్మదిగా తిరుగుతుంటే, సన్నటి ముల్లు దాని మీద రక్తపోటు ఎగుడుదిగుళ్లను గీసుకుంటూ పోతుంది. 1847లో ఆయన దాంతోనే ఒక విషయం పట్టుకున్నాడు: ఊపిరి పీల్చేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. ఇవాళ గుండె లయ మీద ఆధారపడే బయోఫీడ్‌బ్యాక్ అంతా ఈ ఒక్క గమనిక మీదే నిలబడి ఉంది.

యేనాలో మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలమీంచి మెదడు విద్యుత్ అలలను నమోదు చేసి, ఐదేళ్లు దాచుకుని 1929లో ప్రకటించాడు. ఈఈజీ అంటే అదే. బెర్లిన్‌లో యోహానెస్ హైన్రిష్ షుల్ట్స్ 1932లో ‘ఆటోజెనిక్ ట్రైనింగ్’ పుస్తకం అచ్చువేశాడు. కళ్లు మూసుకుని చెయ్యి బరువెక్కుతోందని, వెచ్చబడుతోందని తనకు తాను చెప్పుకుంటూ ఒళ్లు వదులు చేసుకునే పద్ధతి అది. నేటికీ జర్మన్ ఊళ్లలో సాయంత్రం తరగతుల్లో నేర్పుతారు. ఇదే షుల్ట్స్ నాజీల కాలంలో అధికారిక మానసిక చికిత్సా సంస్థలో పెద్ద పదవిలో ఉండి, మానసిక రోగులను చంపే విధానాన్ని సమర్థించాడు. పద్ధతి మంచిదే కావచ్చు, ఆ సంగతి మాత్రం చెప్పకుండా దాటేయకూడదు.

బయోఫీడ్‌బ్యాక్ అన్న మాట 1960ల చివర అమెరికాలో పుట్టింది. జర్మనీలో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో నీల్స్ బిర్‌బౌమర్ బృందం మెదడు అలలను తెర మీద చూపిస్తూ వాటిని అదుపు చేయడం నేర్పింది. ఒళ్లు పూర్తిగా చచ్చుబడ్డ రోగులు ఆ అలలతోనే అక్షరాలు ఎంచుకుని రాసిన ప్రయోగం 1999లో వెలువడింది.

గుండె లయ బయోఫీడ్‌బ్యాక్ చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. చెవి తమ్మెకు ఒక క్లిప్పు పెడతారు. అది చర్మంలోకి కాంతి పంపి నాడిని పట్టుకుంటుంది. తెర మీద ఒక గీత కదులుతుంది. రోగి నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున, అంటే పీల్చడం వదలడం కలిపి పది సెకన్లు పట్టేలా శ్వాసిస్తే, అప్పటిదాకా అడ్డదిడ్డంగా ఉన్న గీత కాసేపటికి చెరువులో అలల్లా ఒకే కొలతలో ఎగసిపడుతుంది. ఊపిరి, గుండె, రక్తపోటు ఒక తాళంలో పడ్డాయన్నమాట. ప్రాణాయామం తెలిసిన తెలుగు పాఠకుడు ఇందులో కొత్తేముందని అడుగుతాడు. శ్వాసలో కొత్త లేదు, అద్దంలో ఉంది. ఆఘాతం పాలైన మనిషికి తన ఒళ్లే శత్రువులా తోస్తుంది, ఎప్పుడు గుండె ఎగిరి పడుతుందో తెలియదు. ఆ గుండెనే తన ఊపిరితో నెమ్మదింపజేయవచ్చని కళ్లారా చూడటం అతనికి ఎవరు చెప్పినా నమ్మని సంగతిని నమ్మిస్తుంది.

మళ్లీ అక్కడికే

పీటీఎస్‌డీకి ఇప్పటివరకు బలమైన ఆధారాలున్న చికిత్స, తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని చికిత్సకుడి తోడుతో మళ్లీ ఎదుర్కోవడం. జర్మనీ వైద్య సంఘాలు 2019లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఆఘాతాన్నే కేంద్రంగా చేసుకున్న మానసిక చికిత్సకే మొదటి స్థానం ఇచ్చాయి. కళ్లు మూసుకుని ఊహించుకోలేని వాళ్లకు, ఊహించుకోవడానికి భయపడే వాళ్లకు ఆ చోటును వీఆర్‌లో కట్టి చూపించవచ్చన్న ఆలోచన అమెరికాలో పుట్టింది. అట్లాంటాలో బార్బరా రాత్‌బామ్ బృందం 1990ల చివర వియత్నాం యుద్ధ సైనికుల కోసం ఒక హెలికాప్టర్‌ను, అడవి మధ్య మైదానాన్ని తయారుచేసింది. తర్వాత కాలిఫోర్నియాలో స్కిప్ రిజో బృందం ఇరాక్ వీధులను కట్టింది. న్యూయార్క్‌లో జంట భవనాల కూల్చివేతను చూసిన మహిళకు వీఆర్ చికిత్స చేసిన వైనాన్ని జోయాన్ డిఫెడె 2002లో ప్రకటించింది.

ఆ ఉత్సాహం మీద ఒక చల్లటి నీళ్ల చెంబు కూడా పడింది. 2016లో వెలువడ్డ పరిశోధనలో 162 మంది అమెరికన్ సైనికులను వీఆర్ చికిత్స, ఊహతో చేసే మామూలు చికిత్స, వేచి ఉండే వరస అని మూడు గుంపులు చేసి చూశారు. రెండు చికిత్సలూ మేలు చేశాయి. కానీ మూడు నెలల, ఆరు నెలల తర్వాత చూస్తే హెడ్‌సెట్ లేని చికిత్సకే మెరుగైన ఫలితం వచ్చింది. వీఆర్ అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఈ సంగతి పెద్దగా కనిపించదు. మరొకరు తయారుచేసిన వీధి ఎంత నిజంలా ఉన్నా, అది తన వీధి కాకపోతే జ్ఞాపకం అడ్డం తిరుగుతుందేమోనని ఈ వ్యాసకర్త అనుమానం.

జర్మనీలో వీఆర్ పరిశోధనకు పాత పుట్టిల్లు వ్యూర్ట్స్‌బుర్గ్. అక్కడి విశ్వవిద్యాలయంలో పౌల్ పౌలి, ఆండ్రియాస్ మ్యూల్‌బెర్గర్ 2000 ప్రాంతం నుంచే విమాన భయానికి వీఆర్ విమానాలు, ఆ తర్వాత సొరంగాల భయానికి వీఆర్ సొరంగాలు వాడి చూశారు. హెడ్‌సెట్‌తో పాటు గుండె వేగాన్నీ, అరచేతి చెమటనూ నమోదు చేయడం వాళ్ల అలవాటు. నోరు భయం లేదన్నా చెయ్యి చెమర్చితే లెక్కలోకి వస్తుంది. వ్యూర్ట్స్‌బుర్గ్‌లోనే పుట్టిన వీటీప్లస్ అనే సంస్థ చికిత్సాలయాలకు ఇలాంటి వీఆర్ సరంజామా అందిస్తుంది. మ్యూల్‌బెర్గర్ తర్వాత రేగెన్స్‌బుర్గ్‌కు మారాడు.

లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో మిఖాయేల్ గేబ్లర్ బృందం మరో దారి పట్టింది. వీఆర్ రోలర్ కోస్టర్ ఎక్కించి, ఆ ఊపులో మెదడు అలలు ఎలా మారుతున్నాయో చూసింది. ఉద్వేగం పెరిగేకొద్దీ తల వెనక భాగంలో ఆల్ఫా అలలు తగ్గాయని 2021లో ప్రకటించింది. ఇది చికిత్స కాదు. వీఆర్‌లో ఉన్నవాడి అదురును అతన్ని అడగకుండానే అంచనా వేయగలిగితే దృశ్యం తీవ్రతను దాన్నిబట్టి పెంచడం, తగ్గించడం చేయవచ్చు. వీఆర్, బయోఫీడ్‌బ్యాక్ కలిసేది అక్కడే.

సైనికులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలాకాలం జర్మన్ సైనికుడికి యుద్ధం తెలియదు. అఫ్గానిస్తాన్ తెలియజెప్పింది. 2003 జూన్ 7న కాబూల్‌లో ఇంటికి బయల్దేరిన సైనికుల బస్సు మీద ఆత్మాహుతి దాడి జరిగి నలుగురు చనిపోయారు. 2010 గుడ్‌ఫ్రైడే నాడు కుందుజ్ దగ్గర జరిగిన పోరులో ముగ్గురు పోయారు. 2021 వేసవిలో సేన పూర్తిగా వెనక్కి వచ్చేనాటికి ఆ దేశంలో 59 మంది జర్మన్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హాన్స్ ఉల్రిష్ విట్‌షెన్ బృందం 2012లో ప్రకటించిన లెక్క ప్రకారం అఫ్గానిస్తాన్ వెళ్లొచ్చినవారిలో ఏడాది కాలంలో పీటీఎస్‌డీ ఉన్నవారు 2.9 శాతం. అమెరికా సంఖ్యలతో పోలిస్తే తక్కువే. అయితే వాళ్లలో దాదాపు సగంమందికి తమ జబ్బు ఏమిటో ఎవరూ చెప్పలేదు. గాయపడ్డ సైనికుణ్ని ఉద్యోగంలోంచి పంపేయకుండా కాపాడే చట్టం 2007లోనే వచ్చింది. బెర్లిన్ సైనిక ఆసుపత్రిలో మానసిక ఆఘాత కేంద్రం ఆ తర్వాత ఏర్పడింది. అక్కడి వైద్యులు పీటర్ సిమ్మర్‌మన్, ఉల్రిష్ వేజెమన్ వంటివారు బయోఫీడ్‌బ్యాక్ కలిపిన చార్లీ అనే కంప్యూటర్ శిక్షణను పరీక్షించారు. జబ్బు పడ్డాక వైద్యం చేయడం కాకుండా, పంపే ముందే వైద్య సిబ్బందిని యుద్ధరంగపు ఒత్తిడికి అలవాటు చేయాలన్నది దాని ఉద్దేశం. దాని ఫలితాలు 2016లో ఒక సైనిక వైద్య పత్రికలో వచ్చాయి. నూరేళ్ల క్రితం కౌఫ్‌మన్ విద్యుత్ తీగలు పట్టుకున్న సైన్యంలో ఇవాళ సైనికుడి నాడికి తీగ తగిలిస్తున్నది అతనికి చూపించడానికి.

పొట్ట మీద కంట్రోలర్

ఈ రెండు సాధనాలను నేరుగా కలిపినవారిలో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహానెస్ బ్లుమ్, క్రిస్టోఫ్ రాక్‌స్ట్రో, అన్యా గ్యోరిట్స్ ముఖ్యులు. 2019లో వాళ్లు గుండె లయ బయోఫీడ్‌బ్యాక్‌ను మామూలు గీతల తెర మీద పెట్టి, వీఆర్ ప్రకృతి దృశ్యంలో పెట్టి పోల్చారు. గుండె లయ రెండింటిలోనూ ఒకేలా కుదిరింది. తేడా వచ్చింది మనసులో: వీఆర్‌లో ఉన్నవాళ్ల ధ్యాస తక్కువగా చెదిరింది, నేను ప్రశాంతంగా ఉండగలనన్న నమ్మకం ఎక్కువగా కలిగింది.

తర్వాత వాళ్లు చేసిన పని ఇంకా తెలివైనది. శ్వాస కొలవడానికి ఛాతీకి చుట్టే పట్టీలు, వాటి తీగలు, వాటి ఖర్చు అవసరమా అని అడిగారు. వీఆర్ ఆటలకు చేత్తో పట్టుకునే కంట్రోలర్ ఉంటుంది కదా, కదలికను పసిగట్టే సెన్సర్లు దానిలోనే ఉన్నాయి. దాన్ని తీసి పొట్ట మీద పెట్టారు. మనిషి పొట్ట నిండా ఊపిరి తీస్తే కంట్రోలర్ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఆ ఎత్తుపల్లాల్ని బట్టి ఎదుట ఉన్న దృశ్యం స్పందిస్తుంది. పైపైన ఛాతీతో ఊపిరి తీస్తే ఏమీ కదలదు. అదే పాఠం. ఈ ప్రయోగాలు ఆరోగ్యవంతుల మీద జరిగినవన్నది మరచిపోకూడదు. ఒత్తిడిలో ఉన్న విద్యార్థికి పనికొచ్చింది చిత్రహింసల నుంచి బయటపడ్డవాడికీ అంతే పనికొస్తుందని ఇక్కడి నుంచి దూకేయలేం. ముఖం మీద నల్లటి పెట్టె బిగించి, గది కనిపించకుండా చేయడమే కొందరికి పాత భయాన్ని లేపుతుంది. బందీగా ఉన్నప్పుడు కళ్లకు గంతలు కట్టించుకున్నవాడికి హెడ్‌సెట్ ఏం గుర్తుచేస్తుందో చెప్పనక్కర్లేదు.

మాన్‌హైమ్‌లోని కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన క్రిస్టియాన్ పారెట్, కెనడా పరిశోధకులతో కలిసి మెదడు స్కానర్‌నే అద్దంగా వాడాడు. మెదడులో భయానికి కాపలాదారు అనదగ్గ అమిగ్డాలా ఎంత చురుగ్గా ఉందో, స్కానర్‌లో పడుకున్న పీటీఎస్‌డీ రోగికి ఒక ఉష్ణమాపకంలా చూపించి, దాన్ని దింపడం నేర్పారు. 2017లో వచ్చిన ఆ పరిశోధనలో రోగులు పదిమందే. అంత ఖరీదైన యంత్రంలో ప్రతి రోగినీ పడుకోబెట్టడం ఏ దేశానికీ కుదరదు, అయినా దిగుతుందని తెలియడం చిన్న విషయం కాదు.

తాడు, పువ్వులు, రాళ్లు

2015లో దాదాపు తొమ్మిది లక్షలమంది శరణార్థులు జర్మనీ చేరారు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2015, 16లలో ఇస్లామిక్ స్టేట్ చెర నుంచి బయటపడ్డ 1,100 మంది యజీదీ స్త్రీలను, పిల్లలను ప్రత్యేకంగా తెచ్చుకుంది. వాళ్లను ఎంపిక చేసిన మనోవైజ్ఞానికుడు యాన్ ఇల్హాన్ కిజిల్హాన్. తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నాదియా మురాద్ ఆ 1,100 మందిలో ఒకరు.

వీళ్లలో చాలామందికి బాధ మాటగా రాదు. తలనొప్పి, నడుంనొప్పి, గుండెల్లో మంట అంటారు. చిత్రహింస బాధితుల కోసం బెర్లిన్‌లో 1992లో ఏర్పడ్డ చికిత్సా కేంద్రం వంటి చోట్ల రోజూ ఎదురయ్యేది ఇదే. క్రిస్టీనె క్నేవెల్స్‌రూడ్ తదితరులు 2009లో ఇలాంటి శరణార్థుల నొప్పికి బయోఫీడ్‌బ్యాక్‌ను చికిత్సలో కలిపి చూసిన చిన్న ప్రయత్నం ప్రకటించారు. భాష రాని మనిషికి, మనోవైద్యుడి దగ్గరకు వెళ్తే పిచ్చివాడంటారని సిగ్గుపడే మనిషికి యంత్రం ఒక మర్యాదైన దారి. మెడ కండరం బిగువు తెర మీద దిగడం చూడటానికి దుబాసీ అక్కర్లేదు.

అయితే జర్మనీ నుంచి ప్రపంచానికి వెళ్లిన ఆఘాత చికిత్సల్లో బాగా పేరున్నదానికి కరెంటే అక్కర్లేదు. కోన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో మాగీ షౌవర్, ఫ్రాంక్ నాయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ తీర్చిదిద్దిన కథన చికిత్సలో నేల మీద ఒక తాడు పరుస్తారు. అదే జీవితం. సంతోషం కలిగిన చోట పువ్వు, దెబ్బ తగిలిన చోట రాయి పెడతారు. తర్వాత కూర్చుని వరసగా ఒక్కో రాయి దగ్గర ఆగి, ఏం జరిగింది, ఒళ్లు ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది అని చెప్పుకుంటూ పోతారు. శరణార్థుల శిబిరాల్లో, మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి కూడా దీన్ని వాడారు. వీఆర్ గురించి రాసే ఎవరైనా ముందు ఈ తాడుతో పోల్చుకోవాలి. తాడును మించి ఏం చేస్తుందన్నదే హెడ్‌సెట్ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

మందుచీటీ మీద యాప్

ఆ జవాబును ప్రభుత్వమే అడిగే ఏర్పాటు జర్మనీలో ఉంది. 2019 చివర వచ్చిన డిజిటల్ వైద్య చట్టంతో యాప్‌లను కూడా డాక్టరు మందులా రాయవచ్చు, ఖర్చు ఆరోగ్య బీమా భరిస్తుంది. బీమా సంస్థ ఇచ్చే 16 అక్షరాల కోడ్ ఫోన్‌లో కొడితే యాప్ తెరుచుకుంటుంది. మందుల నియంత్రణ సంస్థ జాబితాలో తాత్కాలికంగా చోటు దొరికిన యాప్ సాధారణంగా ఏడాదిలోగా తన మేలును పరిశోధనతో రుజువు చేసుకోవాలి. హాంబర్గ్ కంపెనీ సింపేషెంట్ తయారుచేసిన ఇన్‌విర్టో 2020 డిసెంబరులో అలా జాబితాకెక్కింది. ఫోన్ బిగించుకునే వీఆర్ కళ్లద్దాలు పోస్టులో ఇంటికి వస్తాయి. కిక్కిరిసిన బస్సు, బజారు వంటివి ఇంట్లో కూర్చునే ఎదుర్కోవచ్చు. అయితే అది బయటికి వెళ్లాలంటే భయం, హఠాత్తుగా కమ్ముకొచ్చే భయం, నలుగురిలో భయం వంటి జబ్బులకే. ఆఘాతపు జ్ఞాపకాన్ని ఒంటరిగా ఇంట్లో తవ్వుకోవడం వేరే పని, దానికి పక్కన మనిషి ఉండాలి. 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కొత్త పరిహార చట్టం హింసకు గురైనవారికి ఆఘాత చికిత్సాలయంలో త్వరగా సాయం పొందే హక్కు ఇచ్చింది. 1926లో మూసిన తలుపు దాదాపు నూరేళ్లకు ఇలా తెరుచుకుంది.

తలుపు బయట అసలు రోడ్డు ఉంటుంది. వ్యూర్ట్స్‌బుర్గ్ పక్కన ట్రాఫిక్ విజ్ఞాన సంస్థలో ఒక డ్రైవింగ్ సిమ్యులేటర్ ఉంది. బండి నడపాలంటే వణికే 14 మందికి అందులో చికిత్స చేశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. పోల్చి చూడటానికి మరో గుంపు లేదు, కనుక దీన్ని తొలి ప్రయత్నంగానే తీసుకోవాలి. కానీ పరీక్ష మాత్రం గట్టిది: సిమ్యులేటర్‌లో మార్కులు వేసి ఊరుకోలేదు, పక్క సీట్లో డ్రైవింగ్ బోధకుణ్ని కూర్చోబెట్టి అసలు రోడ్డు మీదకు పంపారు. అంతకుముందు తప్పుకు తిరిగిన దారుల్లో 14 మందీ నడిపారు. పదిమంది నడిపిన తీరు సరిగ్గా ఉందని బోధకుడు రాసుకున్నాడు. మిగతా నలుగురి డ్రైవింగ్‌కు ఆ మాట దక్కలేదు, స్టీరింగ్ మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉంది.